తిలంగా సిపాయి తూటా సరంజామా

ఉత్తర హిందూస్థానమున పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధము నుండి ఎఱ్ఱకోటు తొడిగి తుపాకి పట్టిన సిపాయికి ‘తిలంగా’ యను పేరు వాడుకలో నుండెను. 1857లో ఢిల్లీ నగరమున ప్రవేశించిన తిరుగుబాటు సైనికులను సైతము ఆ నగరవాసులు ‘తిలంగే’ అనియే పిలిచిరి. ఆ సైనికులలో పెక్కుమంది అయోధ్యా ప్రాంతమువారు. తెలుగుదేశమును కన్నులార చూచినవారు కారు. అయినను తెలుగువారి పేరు వారికి అంటుకొనెను. ఒక జాతిపేరు ఒక వృత్తిపేరుగా మారుట అరుదైన సంగతి. ఆ వృత్తికి ఆధారము తుపాకి. తుపాకికి ప్రాణము తూటా. తూటాను నింపు సరంజామా ఏ విధముగా మారినది, ఆ మార్పులలో సిపాయి నేర్చుకొన్నదేమి, అతని చేతినుండి జారిపోయినదేమి యనునది ఈ వ్యాసమునకు విషయము.

పేరు పుట్టిన విధము

హిందూదేశీయులకు ఐరోపా పద్ధతిని కవాతు నేర్పుట దక్షిణాదిని మొదట ఫ్రెంచివారు ఆరంభించిరి. 1746 అక్టోబరు 24న అడయారు నదియొద్ద పారడీ అను ఫ్రెంచి సేనాని, వేయిమందికి మించని సైన్యముతో, ఆర్కాటు నవాబు కుమారుడైన మహఫూజ్ ఖాను నడపిన పెద్ద సేనను చెదరగొట్టెను. ఆ వేయిమందిలో అధికభాగము కవాతు నేర్చిన దేశీయ సిపాయిలే. గెలుపునకు కారణము తుపాకుల సంఖ్య కాదు. నవాబు సైనికుడు ఒకసారి కాల్చి మరల తుపాకి బారుచేయు లోపల, కవాతు నేర్చిన సిపాయి పలుమార్లు కాల్చగలిగెను. తుపాకి బారుచేయుటలోని వేగమే సేన బలమని ఆనాడు దక్షిణాదికి తెలిసివచ్చెను.

ఆంగ్లేయులు ఈ పాఠమును త్వరగా నేర్చిరి. 1756 అక్టోబరులో క్లైవు మద్రాసు నుండి ఓడలపై బెంగాలునకు పోవునపుడు తెల్లసైనికులతోపాటు సుమారు 1500 మంది సిపాయిలను వెంట తీసికొనిపోయెను. దక్షిణాది నుండి వచ్చిన ఈ సిపాయిలనే బెంగాలీయులు తెలింగులని, తిలంగాలని పిలిచిరి. 1757లో క్లైవు బెంగాలులో కొత్తగా కూర్చిన ‘లాల్ పల్టను’ అను ఎఱ్ఱకోటు పటాలమునకు ఆదర్శము వీరే. పిమ్మట ఏ ప్రాంతమువాడు ఆ కోటు తొడిగినను తిలంగాయే యయ్యెను.

1757 జూన్ 23న ప్లాసీ యుద్ధము నడుచుచుండగా కుండపోతగా వాన కురిసెను. ఆంగ్లేయుల పక్షమువారు తమ మందుగుండును కీలుపూసిన గుడ్డలతో కప్పిరి. నవాబు పక్షమున అట్టి జాగ్రత్త లేకపోవుటచే మందు తడిసిపోయెను. వారి ఫిరంగులు మూగవోయెను. ఆ విజయమునకు కుట్రలు మొదలగు ఇతర కారణములు పెక్కు కలవు. కాని మందును పొడిగా నుంచుట యనునది సిపాయి నేర్వవలసిన తొలిపాఠమనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

మరుసటి సంవత్సరమే ఈ విద్య తెలుగుగడ్డకు తిరిగివచ్చెను. 1758 డిసెంబరులో నేటి కాకినాడ జిల్లాలోని చందుర్తి యొద్ద కర్నల్ ఫోర్డు బెంగాలు సిపాయిలతోను, విజయనగరము ఆనందరాజు సాయముతోను ఫ్రెంచివారిని ఓడించెను. 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోట ఆంగ్లేయుల వశమాయెను.

రంగరూటు చేతికి వచ్చిన సరంజామా

పాత వత్తి తుపాకి పట్టువానికి కావలసిన వస్తువులు పెక్కు. కొమ్ముబుఱ్ఱలో తుపాకిమందు, వేరొక చిన్నబుఱ్ఱలో మెత్తని రంజకము, సంచిలో సీసపు గుండ్లు, చేతిలో ఎల్లప్పుడు కాలుచుండు వత్తి. మందును ప్రతిసారి కంటితో ఉజ్జాయింపుగా కొలిచి పోయవలెను. ఎక్కువైన గొట్టము పగులును. తక్కువైన గుండు చేరవలసిన చోటికి చేరదు. పైగా మండుచున్న వత్తి, తెరచియున్న మందుబుఱ్ఱ ఒకే మనిషి ఒంటిపై నుండుట ప్రాణాపాయము.

కుంఫిణీ పటాలములో చేరిన రంగరూటునకు ఇచ్చినది చెకుముకి తుపాకి. దానితో వచ్చిన గొప్ప మార్పు కాగితపు తూటా. దానిని చేయుటకు యంత్రము అక్కరలేదు. ఒక గుండ్రని కఱ్ఱపుల్లకు కాగితమును చుట్టవలెను. ఒక చివర సీసపుగుండు నుంచి దారముతో కట్టవలెను. పుల్లను తీసివైచి, కొలపాత్రతో కొలిచిన మందును పోసి, రెండవ చివర మడువవలెను. కఱ్ఱపుల్ల, కొలపాత్ర, గుండ్లు పోతపోయు అచ్చు, కాగితము, దారము – ఇంతియే సరంజామా. మందు పాలు ముందే కొలవబడి యుండుటచే యుద్ధభూమిని ఉజ్జాయింపునకు తావులేదు. కొలుచు పనిని నెమ్మదిగా నీడపట్టున ముగించి, కాల్చు పనిని మాత్రమే రణరంగమునకు మిగుల్చుట దీనిలోని కిటుకు.

ఈ తూటాలను రంధ్రములు గల చెక్కదిమ్మలో వరుసగా నిలిపి, పైన తోలుమూత గల పెట్టెలో నుంచి, భుజము మీదుగా వ్రేలాడదీసికొనెడివారు. నడుమునకు ఒక సన్నని తీగ, ఒక చిన్న కుంచె కట్టి యుండెడివి. తీగ తుపాకి చెవిలోని మసి పొడిచి తీయుటకు, కుంచె రంజకపు పళ్లెమును తుడుచుటకు. అదనముగా ఒకటి రెండు చెకుముకి రాళ్లు.

కవాతులో వీని వాడుక ఒక క్రమముగా నేర్పబడెడిది. తూటాను పండ్లతో కొఱికి చింపుట, కొంచెము మందు పళ్లెములో పోసి మూయుట, తక్కిన మందును గుండును కాగితముతో సహా గొట్టములో వేయుట, కడ్డీతో దట్టించుట, కడ్డీని మరల దాని యొరలో నుంచుట. ఆరితేరిన సిపాయి నిమిషమునకు మూడుసార్లు కాల్చగలిగెడివాడు. తొందరలో కడ్డీని గొట్టములోనే మఱచి కాల్చినవానికి ఆ తుపాకి ఇక దుడ్డుకఱ్ఱతో సమానము.

ఈ తుపాకి గొట్టపు వ్యాసము సుమారు 0.75 అంగుళము, గుండు వ్యాసము సుమారు 0.69 అంగుళము. ఈ ఎడము పొరపాటు కాదు. నల్లమందు కాలినపుడు గొట్టము లోపల మసి పేరుకొనును. గుండు బిగుతుగా నుండినచో పది పండ్రెండు తూటాల తరువాత కడ్డీతో ఎంత మోదినను దిగదు. వేగమునకై గురిని కొంత వదలుకొనుట ఆనాటి నిర్ణయము. ఏ పనిముట్టు ఎంచుకొన్నను ఒకటి పొందుటకు మరొకటి విడువవలె నను న్యాయము తూటా చరిత్రలో అడుగడుగునను కనిపించును.

దండుల వెంట తెలుగు కాపురములు

మద్రాసు సేనకు ఒక ప్రత్యేకత కలదు. సిపాయిలు తమ కుటుంబములను వెంట తీసికొనిపోయెడివారు. పటాలము కదలినపుడు ఆలుబిడ్డలు, ముసలివారు, వంటసామగ్రి బండ్లపై వెంట కదలెడివి. సిపాయిల కుమారులను చిన్ననాడే రంగరూటు కుఱ్ఱలుగా పేరు వ్రాయించుకొని జీతమిచ్చు ఏర్పాటు కూడ నుండెను. కావున తండ్రి చేతి పని కొడుకు కంటిముందే జరిగెడిది. తుపాకి తుడుచుట, మందు పొడిగా నుంచుట బాలునకు ఆటవయసుననే తెలిసెడివి.

నేడు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములకు వెలుపల తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించు ఊళ్లలో కొన్ని ఈ దండుల బాటలోనివే. 1817 నవంబరు 26, 27 తేదీలలో నాగపూరు చెంత సీతాబర్డీ కొండలపై మద్రాసు సిపాయిలు పోరాడిరి. 1821లో ఆ ప్రాంతమున కాంప్టీ దండు వెలసెను. చిరకాలము మద్రాసు పటాలములే అచట కాపుండెను. కర్ణాటకమున బళ్లారి, బెంగుళూరు. తమిళనాట వేలూరు, పరంగిమల. ఓఢ్రమున 1936 వరకు మద్రాసు రాజధానిలో చేరియుండిన గంజాము సీమయందలి బరంపురము – ఇవన్నియు మద్రాసు సేన మసలిన తావులు. 1780లో రెండు దళములుగా ఆరంభమైన మద్రాసు పయొనీర్లే నేటి మద్రాసు సాపర్లు. వీరి ప్రధానస్థానము 1834లో బెంగుళూరునకు మారి, నేటికిని అలసూరు చెరువు దాపుననే యున్నది. వ్యాపారము, నేత, వ్యవసాయము తెలుగువారిని పొరుగు సీమలకు కొనిపోయినట్లే, సిపాయి కొలువు కూడ కొనిపోయెను.

కాగితము తెచ్చిన అనుమానము

సిపాయి తన ఒంటికి తగులు వస్తువులను గూర్చి ఎంత పట్టుదల గలవాడో 1806 జులై 10న వేలూరు కోట చాటిచెప్పెను. తోలుతో చేసిన అలంకారము గల కొత్త తలపాగాను ధరింపవలెననియు, కవాతులో నొసటి బొట్టు, గడ్డము కూడదనియు వచ్చిన ఉత్తరువులు మద్రాసు సిపాయిని రేపెను. తెల్లవారకముందే కోట వారి వశమాయెను. కోటగోడపై చిక్కుకొన్న తెల్లసైనికుల యొద్ద తూటాలు దాదాపు నిండుకొన్న సమయమున ఆర్కాటు నుండి గిలెస్పీ గుఱ్ఱపుదళముతో వచ్చి కోటను తిరిగి పట్టుకొనెను. పిమ్మట జరిగిన సంహారము ఘోరమైనది. ఆ ఉత్తరువులు రద్దయ్యెను. గవర్నరు బెంటింకును వెనుకకు పిలిపించిరి. కాని పై అధికారులు పాఠము పూర్తిగా నేర్వలేదు.

1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకి గొట్టము లోపల మెలిగాడులు గలది, వ్యాసము 0.577 అంగుళము. గురి దూరము పెరిగెను; కాని గుండు గొట్టమునకు దగ్గరగా నుండవలసి వచ్చెను. బిగుతైన గుండు మసిలో దిగవలెనన్న తూటా చివర జిడ్డు పూయక తప్పదు. ఆ జిడ్డు ఏ జంతువు క్రొవ్వు? తూటాను పండ్లతోనే గదా కొఱుకవలెను! 1857 జనవరిలో కలకత్తా చెంతనున్న దమ్‌దమ్ నుండి ఈ ప్రశ్న పుట్టి దావానలమువలె ప్రాకెను.

ప్రభుత్వము చేసిన సవరణలు గమనింపదగినవి. తూటాలను జిడ్డులేకుండ ఇత్తుమనియు, సిపాయిలు తమకు సమ్మతమైన జిడ్డును తామే పూసికొనవచ్చు ననియు జనవరి చివర ఉత్తరువిచ్చిరి. పండ్లతో కొఱుకుటకు మారుగా వ్రేళ్లతో చింపవచ్చునని కవాతును మార్చిరి. అనగా తూటా సరంజామాలో కొంతభాగమును సిపాయి చేతికే తిరిగి అప్పగింపజూచిరి. కాని ఆలస్యమయ్యెను. ఫిబ్రవరి 26న బెంగాలులోని బహరంపూరునందు – ఇది గంజాము బరంపురము కాదు – 19వ పటాలము నిరాకరించినవి జిడ్డు లేని పాతరకపు ఉత్తుత్తి తూటాలే. కాగితపు రంగు, మెఱుగు వేరుగా నున్నవని వారి అనుమానము. ఏప్రిలు 24న మీరటులో 90 మందిలో 85 మంది ముట్టనొల్లనివి కూడ పాతరకపువే. మే 10న అచట తిరుగుబాటు చెలరేగెను.

ఇందుండి ఒక సత్యము తేటపడుచున్నది. తిరుగుబాటునకు రాజ్యములను కలుపుకొనుట, భూమిశిస్తు, జీతభత్యములు మొదలగు లోతైన కారణములు కలవు. తూటా వానికి నిప్పురవ్వ మాత్రమే. కాని నిప్పురవ్వ తూటాయే ఏల కావలెను? అది తన కంటియెదుట తయారుకానిది. తన నోటికి చేరునది. తన ప్రాణము దానిపై ఆధారపడినది. ఎవరు చేసిరో, దేనితో చేసిరో తెలియని వస్తువును నమ్ముమని అధికారము చెప్పినపుడు, చెప్పువానిపై నమ్మకము లేనిచో వస్తువుపై నమ్మకము కలుగదు. మద్రాసు సేన మొత్తముమీద ఆ తిరుగుబాటులో చేరలేదు. అయినను తిరుగబడినవారికి ఢిల్లీలో నిలిచిన పేరు తిలంగాలనియే యగుట చరిత్రలోని చమత్కారము.

ఇత్తడి తూటా

1860ల నడుమ నుండి తూటా రూపమే మారెను. తుపాకిని మూతివైపు నుండి కాక వెనుకవైపు నుండి బారుచేయు పద్ధతి వచ్చెను. గుండు, మందు, నిప్పుపుట్టించు చిన్నటోపీ – మూడును ఒకే లోహపు గొట్టములో ఇమిడెను. ఆంగ్లేయుడైన బాక్సరు, అమెరికావాడైన బెర్డను 1866 ప్రాంతమున వేర్వేరు విధములుగా ఆ టోపీని అమర్చిరి. బాక్సరు పద్ధతిలో తూటా అడుగున నడుమ ఒకే రంధ్రము. బెర్డను పద్ధతిలో సాధారణముగా ప్రక్కలకు రెండు చిన్న రంధ్రములు. ఈ చిన్న భేదము వలన పిమ్మట పెద్ద ఫలితము కలిగెను.

ఇట్టి తూటాను కఱ్ఱపుల్లతోను దారముతోను చేయుట సాధ్యము కాదు. దానికి కర్మాగారము కావలెను. పుణె చెంత ఖడ్కీలో 1869లో మందుగుండు కర్మాగారము ఏర్పడెను. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో నీలగిరులపై అరువంకాడులో పొగలేని మందు తయారుచేయు కర్మాగారము వెలసెను. ఈ రెండును నేటికిని పనిచేయుచున్నవి. 2021 అక్టోబరు నుండి మునిషన్స్ ఇండియా అను ప్రభుత్వసంస్థలో భాగములైనవి.

1857 తరువాత దేశీయ పటాలములకు తెల్లపటాలముల కంటె ఒక తరము వెనుకటి తుపాకులనే యిచ్చు విధానము చాలకాలము సాగెను. 1878 ఆయుధ చట్టము సామాన్యుని యింటి తుపాకికి అనుమతిపత్రము తప్పనిసరి చేసెను. శతాబ్ది చివర దక్షిణాది నియామకములు, వానితో తెలుగువారి నియామకములు, క్రమముగా తగ్గెను. పేరు తెలుగువానిది, తుపాకి వేరొకనిది, తూటా కర్మాగారముది. తిలంగా కథ ఇట్లు ముగిసెను.

తిరిగి చేతికి వచ్చిన పని

తూటా కథ మాత్రము ముగియలేదు. కాగితపు తూటా కాలిపోవును. ఇత్తడి గొట్టము కాల్చిన పిమ్మట మిగిలియుండును. దానిని మరల నింపవచ్చును. అమెరికాలో 1870ల నాటి అడవిదున్నల వేటగాండ్రు అంగడికి దూరముగా నుండుటచే ఈ పనిని బాగుగా అలవరచుకొనిరి. 1884లో న్యూహేవెను నగరమున జాన్ బార్లో ‘ఐడియల్’ అను పేర పటకారు వంటి పనిముట్టును అమ్మసాగెను. 1943లో ఫ్రెడ్ హంటింగ్టన్ స్థాపించిన ఆర్.సి.బి.ఎస్., 1958లో రిచర్డ్ లీ ప్రవేశపెట్టిన చిన్న చేతిపెట్టె ఈ విద్యను సామాన్యుని బల్లమీదికి తెచ్చెను. నడుమ ఒకే రంధ్రము గల బాక్సరు గొట్టమునుండి పాతటోపీని ఒక సూదితో పొడిచి తీయుట సులభము. అందుచే ఆంగ్లేయుని పద్ధతి అమెరికా యిండ్లలో స్థిరపడెను.

అచట కొత్తగా నేర్చుకొనువాని సరంజామాను పరికించిన, తిలంగా సిపాయి కవాతు జ్ఞప్తికి రాకమానదు. అతనికి ముందుగా కావలసినది పనిముట్టు కాదు, కొలతలు అచ్చొత్తిన ప్రామాణిక గ్రంథము. పిమ్మట ఒక తడవకు ఒకే పనిచేయు సాదా ప్రెస్సు. అనేక పనులను ఒకే ఊపున చేయు యంత్రము వేగమైనదే కాని, జరిగిన పొరపాటును కొత్తవాని కంటబడనీయదు. ప్రెస్సును కదలని బరువైన బల్లకు మరలతో బిగింపవలెను. తూటా కొలతకు తగిన అచ్చులు. టోపీని అమర్చు సాధనము. గొట్టపు పొడవును చూచు కొలబద్ద. అన్నిటికంటె ముఖ్యము త్రాసు. అది పౌనులో ఏడువేలవ వంతైన గ్రెయినును, దానిలో పదవవంతును సైతము చూపవలెను. దానిని గాలి తగులని సమతలముపై నుంచి, పని ఆరంభించు ప్రతిసారి సున్నకు సరిచూడవలెను.

పనిక్రమము కూడ అట్టిదే: గొట్టమును బీటలకై పరీక్షించుట, శుభ్రపరచుట, అచ్చులో సరిచేసి పాతటోపీని తీయుట, కొత్తది అమర్చుట, మందు తూచి పోయుట, అన్ని గొట్టములలోని మట్టమును ఒక్కసారి వెలుతురులో పరికించుట, చివరకు గుండును బిగించుట. బల్లమీద ఏ సమయమునను ఒకే రకపు మందు ఉండవలెను. నిప్పు, పొగత్రాగుట, కబుర్లు దరికి రాకూడదు. గ్రంథము చెప్పిన తక్కువ పాలుతో మొదలుపెట్టవలెను; ఎక్కువపాలును ఎన్నడును దాటరాదు. మందు పోయని గొట్టము గుండును తుపాకి నడుమ నిలిపివేయును. రెండుమార్లు పోసినది తుపాకినే చీల్చును. మన దేశమున 1959 ఆయుధ చట్టము ప్రకారము అనుమతి లేక తూటాలు తయారుచేయుట నేరము. కావున ఈ విద్య ఇచట చరిత్రగా తెలిసికొనదగినదే కాని, ఇంట పరీక్షించి చూడదగినది కాదు.

ముగింపు

మందు పొడిగా నుంచుట, పాలు ముందుగా కొలుచుట, క్రమము తప్పకుండుట, తాను వాడుదానిని తాను చూచి నమ్ముట – ఇవి ప్లాసీనాటి సిపాయికిని, నేటి కొత్త అభ్యాసికిని సమానము. సరంజామా మారినది, న్యాయము మారలేదు. 1857లో తెగిపోయినది కాగితము కాదు, ఈ నాలుగవ సూత్రము.

తెలుగుసిపాయి విద్యకు మిగిలిన గుర్తులు నేడు స్వల్పము. తూటా, రంజకము, దట్టించుట, బారుచేయుట, పటాలము, కవాతు, రంగరూటు – కొన్ని ఇతర భాషలనుండి వచ్చి తెలుగైనవి, కొన్ని తెలుగు మాటలే కొత్త అర్థము పొందినవి. కాంప్టీలోను, బళ్లారిలోను, బెంగుళూరు దండులోను, వేలూరులోను, బరంపురములోను స్థిరపడిన తెలుగు కుటుంబములలో పెద్దల కొలువునకు సంబంధించిన పింఛను పత్రములు, పతకములు, పాత తోలుపెట్టెలు ఉన్నచో అవి చిల్లరసామాను కావు. వానిని చెదలకు విడువక భద్రపరచుట, పెద్దల నోట మిగిలిన ఇట్టి మాటలను వ్రాసి యుంచుట ఆయా ఊళ్ల తెలుగు సమాజముల బాధ్యత. ఉత్తరాదివారు ఒక శతాబ్దికి పైగా సిపాయిని తెలుగువాని పేరనే పిలిచిరి. ఆ పేరు ఎట్లు వచ్చినదో తెలుగువారి పిల్లలు పరులను అడిగి తెలిసికొను దుస్థితి రాకూడదు.